విన్నాను

జూన్ 2, సోమవారం

అయిదింటికి ప్రార్థన చేశాను. చెల్లి ఎస్తేరు పేరు, తమ్ముడు జకరయ్య పేరు ఎత్తి ప్రార్థించి, ఆ గొంతు రికార్డు చేసి ఇద్దరికీ పంపాను. ఎస్తేరు దగ్గర్నుంచి పచ్చ గుర్తు ఆరున్నరకి వచ్చింది. జకరయ్య దగ్గర్నుంచి వెంటనే వచ్చింది. పచ్చ గుర్తంటే ‘విన్నాను’ అని. వాడు సముద్రంలో గాలిమరల మీద పని చేస్తాడు. ఒడ్డుకి డెబ్భై కిలోమీటర్లు. తెల్లవారకముందే లేచి నా గొంతు కోసం కాచుకుని ఉంటాడు. అలా అనుకుని మూడేళ్లుగా సంతోషపడుతున్నాను.

సాక్షి గది ఊడ్చాను. వేలిముద్ర పలక తుడిచాను. తొమ్మిదింటికి తలుపు తీశాను.

మొదట వీరభద్రంగారు వచ్చారు. ఎనభై రెండేళ్ల మనిషి. ఏడాదికోసారి చెప్పించుకోవాల్సిన సాక్ష్యం కోసం.

“ఇంకా ఉన్నానంటావా, రాహేలమ్మా?” అన్నారు కుర్చీలో కూర్చుంటూ.

“చూసి చెప్తాను.”

చెయ్యి పట్టుకున్నాను. ముఖం చూశాను. ముఖం ఒక్కటీ చాలదు, ఒక ప్రశ్న కూడా అడగాలి. ఎక్కడా రాసి ఉండని సంగతి, ఆ మనిషికీ నాకూ మధ్య నడిచిన మాట అయి ఉండాలి. అది నియమం.

“పోయినేడు ఈ కుర్చీలో కూర్చుని ఎవర్ని తిట్టారు?”

“మా వియ్యంకుణ్ణి. చెవిటివాడిలా నటిస్తాడని.”

“మరి ఈ ఏడు?”

“ఈ ఏడు నాకే వినపడటం లేదు. వాణ్ణి వదిలేశాను.”

బొటనవేలు పలక మీద అద్దాను. ఇంకో ఏడాది ఆయన పేరు నెట్‌లో నిలబడుతుంది. ఆ పేరు మీద బియ్యం వస్తుంది, గుండె మాత్రలు వస్తాయి. ఆయన ఉత్తరం రాస్తే అది ఆయనే రాశాడని మనవరాలు నమ్ముతుంది. కొత్తరేవు ఏడో వీధిలో ఇలా నా బొటనవేలి మీద నాలుగు వందల పన్నెండు మంది నిలబడి ఉన్నారు.

సాయంత్రం గది మూసే వేళకి, పేర్ల లెక్క చూసే నామకేంద్రం నుంచి కాగితం వచ్చింది. రెండే వాక్యాలు. రాహేలు అనే పేరు మీద ఇద్దరు ఉన్నారు, అందులో ఒకరు అబద్ధం. శనివారం లోపు తేలకపోతే ఆ సాక్షి పేరునూ, ఆమె నిలబెట్టిన పేర్లన్నిటినీ ఆపేస్తాం.

రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే మాడు వాసన వచ్చింది. పొయ్యి మీద అన్నం.

జూన్ 3, మంగళవారం

కేంద్రం నుంచి తాయారుగారు పొద్దున పడవకే వచ్చారు. సాక్షులను పరిశీలించే అధికారి. పదేళ్లుగా ఎప్పుడొచ్చినా నా చేతి టీ తాగకుండా వెళ్లలేదు. ఈరోజు గ్లాసు పెడితే ముట్టుకోలేదు.

“మీరెవరో తేలేదాకా మీ చేత్తో ఏదీ పుచ్చుకోకూడదండి. నియమం.”

“చల్లారిపోతుంది.”

“చల్లారనివ్వండి. నాకూ బాధగానే ఉంది.”

ఆవిడ కాగితాలు తీశారు. ఇంకో రాహేలు మూడేళ్లుగా ఉందట. రోజూ మాట్లాడుతుందట. ఒక్క రోజు తప్పలేదు.

“మీరు మాత్రం మూడేళ్ల కిందట నలభై ఒక్క రోజులు ఎక్కడా లేరు,” అన్నారు.

“గొంతులో గడ్డ తీశారు. ఆసుపత్రిలో ఉన్నాను. మాట్లాడే వీల్లేదు.”

“ఆ నలభై ఒక్క రోజులూ రాహేలు మాట్లాడిందండి. మీ గొంతుతో.”

“ఎవరితో?”

“ఒకే మనిషితో. ఎవరితోనో నేను చెప్పకూడదు.”

చేతులు ముడిచాను. ఒళ్లో పెట్టుకున్నాను.

తెంపు లేకుండా ఉన్న మనిషే నిజం, మధ్యలో మాయమై తిరిగొచ్చిన మనిషి మీద అనుమానం. ఇది మా సాక్షులందరం కూర్చుని రాసుకున్న నియమమే. దొంగలు అలాగే వచ్చేవారు అప్పట్లో, నాలుగు రోజులు కనబడని మనిషి పేరు తగిలించుకుని. ఆ నియమానికి నేనూ చెయ్యెత్తాను.

“దారి ఉందా?” అన్నాను.

“మీ తోడబుట్టినవాళ్లు ఇద్దరూ రావాలి. ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుని, ప్రశ్న అడిగి, ఈమే అని వేలు వెయ్యాలి. శనివారం. మీ తమ్ముణ్ణి రప్పించే పని మాది. అప్పటిదాకా ఆయనతో ఎవరూ ఏమీ మాట్లాడకూడదు. మీరు, మీ చెల్లెలు, ఎవరూ.”

వెళ్తూ గుమ్మంలో ఆగారు. “వీరభద్రంగారి మాత్రలు సోమవారం రావాలి కదండీ?”

“అవును.”

ఆవిడ వెళ్లిపోయారు. టీ పారబొయ్యబుద్ధి కాలేదు. మూత పెట్టాను.

జూన్ 4, బుధవారం

ఎస్తేరు రొయ్యలు తెచ్చింది. రెండు వీధుల అవతలే ఉంటుంది. పెరట్లో పీట వేసుకుని వలవటం మొదలుపెట్టింది. కాగితం సంగతి చెప్పాను. రొయ్య చేతిలోనే ఉండిపోయింది.

“ఎన్ని రోజులన్నారు?”

“నలభై ఒకటి.”

“అక్కా, నువ్వు కూర్చో.”

“కూర్చునే ఉన్నాను.”

ఆ రొయ్య వలిచి గిన్నెలో వేసింది. తర్వాత చెప్పింది. ఇది నేను నా చెవులతో విన్నది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“ఆపరేషనని తమ్ముడికి చెప్పొద్దన్నావు. గుర్తుందా? వాడు తట్టుకోలేడు, సముద్రం మధ్యలో ఒంటరిగా ఉన్నాడు అన్నావు. సరే, చెప్పలేదు. కానీ పొద్దున అయిదింటికి నీ ప్రార్థన రాకపోతే వాడికి తెలిసిపోదా? నీ ప్రార్థనలు ఏడెనిమిదేళ్లవి నా దగ్గరున్నాయి. అవి పెట్టి బదులుగొంతు చేయించాను, అచ్చం నీలా మాట్లాడే యంత్రం గొంతు. నలభై రోజులకనే చేయించానక్కా. నువ్వు లేవగానే తీసేద్దామనే.”

“నా పేరు మీద లైను ఎలా ఇచ్చారు? నా వేలు కావాలి కదా?”

“నువ్వు మత్తులో ఉన్నావు. నీ బొటనవేలు నేనే అద్దాను.”

పదేళ్లుగా ఊరందరి వేళ్లకూ సాక్ష్యం చెప్పాను. నా వేలు నాకు తెలియకుండా ఒకసారి సాక్ష్యం చెప్పింది.

“ఎందుకు తియ్యలేదు?” అన్నాను.

“వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు.”

“ఎవరితో?”

“దాంతో. నీతో అనుకుని. మొదట్లో ప్రార్థన విని ఊరుకునేవాడు. పదో రోజో ఏమో, అక్కా నిద్ర పట్టటం లేదు అన్నాడు. అది ఎందుకురా అని అడిగింది. అంతే. ఇప్పుడు రోజూ గంటసేపు మాట్లాడుకుంటారు. వంట గురించి, వాడి మోకాలి నొప్పి గురించి. నవ్వుతాడక్కా వాడు. నేను విన్నాను.”

“నాతో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు.”

“నువ్వు అడగవు కదా,” అంది ఎస్తేరు. కోపంగా అనలేదు.

“మరి నేను పంపే ప్రార్థన?”

“దాని దగ్గరే ఆగుతుంది. రెండు గొంతులు వెళ్తే వాడికి అనుమానం వస్తుందని అలా పెట్టారు. గుర్తు కూడా అదే పంపుతుంది.”

అందుకే వెంటనే వచ్చేది.

“శనివారం వాడొచ్చేలోపు చెప్పేద్దామక్కా.”

“మాట్లాడకూడదన్నారు.”

“చెప్పకపోతే నువ్వు పడిపోతావు. చెప్తే వాడు పడిపోతాడు. నాకేం తోచట్లేదు.”

“రొయ్యలు వలువు,” అన్నాను.

కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇద్దరం తిన్నాం.

జూన్ 5, గురువారం

అయిదింటికి ప్రార్థన చేశాను. ఎస్తేరుకు మాత్రం పంపాను. జకరయ్య కోసం చేసింది లోపలే ఉంచుకున్నాను.

సాక్షి పుస్తకంలో కళ్లతో చూసింది, చెవులతో విన్నది తప్ప రాయకూడదు. పదకొండేళ్ల కిందట చూసిందీ విన్నదీ ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. ఈరోజు రాస్తాను.

అప్పటికి సాక్షి గదులు లేవు. దొంగ ముఖాలు కొత్తగా వచ్చాయి. మా పక్కింటావిడ, కొడుకు తెరమీద ఏడుస్తుంటే నమ్మి ఇంటి తాళాల అంకెలు చెప్పింది. ఆ వారంలోనే మేము ముగ్గురం కూర్చుని ఒక గుమ్మం మాట పెట్టుకున్నాం. అప్పట్లో ప్రతి ఇంటికీ ఒకటుండేది. ఎవరు ఫోన్ చేసినా ముందు అది చెప్పాలి. మా ఇంట్లో, నాన్న గొడుగు ఎక్కడ పోయింది అని అడగాలి. కరెంటాఫీసు బెంచీ మీద అని చెప్పాలి. నవ్వుకుంటూ పెట్టుకున్నాం. చెప్పకపోతే తోడబుట్టినవాడైనా సరే పెట్టెయ్యాలని పట్టుబట్టింది నేనే.

తొమ్మిది రోజుల తర్వాత, జూన్ పద్నాలుగు మధ్యాహ్నం, జకరయ్య ముఖం తెరమీదికొచ్చింది. చొక్కా మీద రక్తం. వాడి భార్య సుహాసినికి ఏడో నెల.

“అక్కా, సుహాసినికి రక్తం ఆగట్లేదు. ఆసుపత్రి వాళ్లు మేమెవరో నమ్మట్లేదు. ఊళ్లో తెలిసిన పేరున్నవాళ్లు ఎవరైనా హామీ ఇవ్వాలంటున్నారు. నీ వేలు వెయ్యి అక్కా.”

“గొడుగు ఎక్కడ పోయింది?” అన్నాను.

“ఏ గొడుగక్కా? అక్కా, టైం లేదు.”

పెట్టేశాను. మళ్లీ చేశాడు. మళ్లీ అడిగాను. బస్సులో అన్నాడు. పెట్టేశాను. మూడోసారి ఏమీ అనకుండా నా ముఖంలోకి చూస్తూ ఏడ్చాడు. దొంగ ముఖాలు కూడా అలాగే ఏడ్చేవి. “నువ్వు నా తమ్ముడివి కావు,” అన్నాను. పెట్టేశాను. చేతులు జోడించుకుని, మోసం నుంచి కాపాడినందుకు దేవునికి స్తోత్రం చెప్పాను.

సాయంత్రానికి ఎస్తేరు వచ్చి చెప్పింది. సుహాసిని పోయింది. బిడ్డ కూడా.

జకరయ్య నన్ను ఒక్క మాట అనలేదు. సమాధి దగ్గర నా పక్కనే నిలబడ్డాడు. ఆ నెలలోనే గాలిమరల పనికి వెళ్లిపోయాడు. సాక్షి గది పెట్టినప్పుడు నేను అడిగి మరీ ఈ కుర్చీలో కూర్చున్నాను. ఆ జూన్ పద్నాలుగు నుంచి ఎవరికీ ఫోన్ చెయ్యలేదు, ఎవరి ఫోనూ ఎత్తలేదు. ప్రార్థన రికార్డు చేసి పంపుతాను. దానికి ఎదురు ప్రశ్న ఉండదు.

ఆ రోజు గురించి వాడితో ఎప్పుడూ మాట్లాడలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక.

జూన్ 6, శుక్రవారం

గదికి పదకొండు మంది వచ్చారు. వేలు వెయ్యకూడదు కాబట్టి వెనక్కి పంపాను. సోమవారం రమ్మన్నాను. సోమవారం ఈ కుర్చీలో ఎవరుంటారో నాకు తెలియదు. వీరభద్రంగారు వీధిలోంచి కేకేసి, “అమ్మాయ్, నిన్ను దొంగంటున్నారట! నా ప్రశ్న నేనడగనా?” అన్నారు. తోడబుట్టినవాళ్లే అడగాలని చెప్పాను. వినపడలేదు. చెయ్యి ఊపి వెళ్లిపోయారు.

జూన్ 7, శనివారం

జకరయ్య సరుకుల పడవలో వచ్చాడు. చూసి నాలుగేళ్లయింది. జుట్టు నెరిసింది. కుంటుతున్నాడు. మోకాలి నొప్పి సంగతి బుధవారమే తెలిసింది నాకు.

“ఏంటక్కా ఇది? నువ్వెవరో నేను చెప్పాలా?” అని నవ్వాడు. సంచీలోంచి ఎండుచేపల పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. “నువ్వడిగినవే. పోయిన వారం అడిగావుగా.”

నేను అడగలేదు.

తాయారుగారు బల్లకి అటువైపు కూర్చున్నారు. ఎస్తేరు గోడ పక్కన నిలబడింది. తన వంతు పొద్దునే అయిపోయింది. మత్తులో వేలు అద్దిన సంగతితో సహా తాయారుగారికి అంతా చెప్పేసింది. ఆవిడ అంతా రాసుకుని, “జకరయ్యగారు ప్రశ్న అడిగేదాకా ఇది ఈ గది దాటకూడదు,” అన్నారు.

జకరయ్య ఎదురు కుర్చీలో కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి అరచెయ్యి గరుగ్గా ఉంది.

“ప్రశ్న అడగండి,” అన్నారు తాయారుగారు. “మీ ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియంది. ఒక్కటే.”

“పడవలో ఆలోచించుకుంటూనే వచ్చానండి,” అన్నాడు. నా వైపు తిరిగాడు. ముఖం మెత్తబడింది. నాకు మంచి చెయ్యబోతున్నవాడి ముఖం అది. “అక్కా. రెండేళ్ల కిందట, జూన్ పద్నాలుగున, ప్రార్థన అయ్యాక నువ్వు నాకొక మాట చెప్పావు. తొమ్మిదేళ్లు ఆ మాట కోసం చూశాను. ఏం చెప్పావో చెప్పు.”

గోడ పక్కన ఎస్తేరు పెదవులు కదిపింది. చప్పుడు లేకుండా. క్షమించు.

ఎస్తేరు అందించనక్కర్లేదు. జూన్ పద్నాలుగున వాడు ఏ మాట కోసం చూస్తాడో నాకు తెలియదా? ఆ ఒక్క మాట అంటే చాలు. వాడు వేలు వేస్తాడు. నాలుగు వందల పన్నెండు మందీ నిలబడతారు. సోమవారం మాత్రలు వస్తాయి. వాడు నవ్వుకుంటూ పడవెక్కుతాడు. అది అబద్ధమని నాకూ ఎస్తేరుకూ తాయారుగారికీ తప్ప ఎవరికీ తెలియదు. వాడికి మాత్రం తెలియదు.

లోపల ప్రార్థించబోయాను. మాటలు రాలేదు.

“నేనేమీ చెప్పలేదు, జకరీ,” అన్నాను.

“అదేంటి? గుర్తు తెచ్చుకో. నువ్వు ఏడ్చావు కూడా.”

“చెప్పాల్సింది. తొమ్మిదేళ్లూ చెప్పాల్సింది. తర్వాత ఈ రెండేళ్లూ చెప్పాల్సింది. చెప్పలేదు. నీకు చెప్పింది నేను కాదు.”

వాడి చెయ్యి నా చేతిలోనే ఉంది. దాని బరువు మారటం తెలిసింది.

ఎస్తేరు ముందుకొచ్చి, బుధవారం నాకు చెప్పినదంతా వాడికి చెప్పింది. నిలబడే చెప్పింది. వాడు మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చాడు. “వంకాయ పచ్చడి ఎలా చెయ్యాలో చెప్పింది కూడా?” అన్నాడు.

“అదీ అదే.”

“బాగా కుదిరింది,” అన్నాడు.

బయట పడవ మోటారు చప్పుడు.

“జకరయ్యగారూ,” అన్నారు తాయారుగారు నెమ్మదిగా. “ఈవిడ మీ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయారు. నియమం ప్రకారం అడుగుతున్నాను. ఈవిడ ఎవరు?”

వాడు నా ముఖంలోకి చూశాడు. పదకొండేళ్ల కిందట తెరమీదనుంచి చూసినట్టే చూశాడు. ఈసారి పెట్టెయ్యటానికి నా దగ్గర మీట ఏదీ లేదు.

“ఆ రోజు నా ఫోన్ మూడుసార్లు పెట్టేసింది ఈవిడే,” అన్నాడు. “రాసుకోండి. ఈవిడే మా అక్క రాహేలు.”

నా చెయ్యి వదిలి బొటనవేలు పలక మీద అద్దాడు. గట్టిగా, అవసరమైనదానికన్నా ఎక్కువసేపు.

తాయారుగారు నా పేరు నిలబెట్టారు. ఎస్తేరు పేరు ఏడాది పాటు ఆపారు. ఏడాదీ నా ఇంట్లోనే తింటుంది. తర్వాత తన సాక్ష్యం ఎవరు చెప్తారని అడిగితే నేనే అన్నాను. ఆ పైన తాయారుగారు టీ అడిగారు. పెట్టి ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు గానీ తాగటానికి చాలాసేపు పట్టింది.

జకరయ్య సాయంత్రం పడవకే వెళ్లిపోతానన్నాడు. రేవు దాకా వెంట వెళ్లాను. వాడు కుంటుతున్నాడు కాబట్టి మెల్లగా నడిచాను.

“దాన్ని తీసేస్తారా?” అన్నాడు.

“మధ్యాహ్నమే తీసేశారు.”

తల ఊపాడు. కాస్త దూరం నడిచాక, “ఒకసారి చెప్పి తియ్యాల్సింది,” అన్నాడు. ఇంకాస్త దూరం నడిచాక, “అయితే ఇంతవరకూ క్షమించమని నన్నెవరూ అడగలేదన్నమాట,” అన్నాడు.

జవాబు చెప్పబోయాను. పడవవాడు పిలిచాడు. తమ్ముడు ఎక్కాడు. చెయ్యి ఊపలేదు. ఎండుచేపల పొట్లం ఇంట్లో బల్ల మీదే ఉంది. నాకిష్టమైన చేపలు. ఆ గొంతుకి అది ఎలా తెలిసిందో.

జూన్ 8, ఆదివారం

అయిదింటికి మోకాళ్ల మీద కూర్చున్నాను. ప్రార్థన చెయ్యలేదు. రికార్డు చెయ్యలేదు. ఫోన్ చేశాను. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి. ఏ మీట నొక్కాలో ఎస్తేరు చూపించింది. చూపించి గదిలోంచి వెళ్లిపోయింది.

ఎత్తలేదు.

రెండోసారి చేశాను. ఎత్తి, ఏమీ అనకుండా పెట్టేశాడు.

మూడోసారి చేశాను. చాలాసేపు మోగింది.

“గొడుగు ఎక్కడ పోయింది?” అన్నాడు.

“కరెంటాఫీసు బెంచీ మీద.”

పెట్టెయ్యలేదు. ఎదురుచూస్తున్నాడు. ఊపిరి వినపడుతోంది.

అప్పుడు నేను మాట్లాడాను. ఆపరేషనైన గొంతు, పొద్దునపూట బొంగురుగా ఉంటుంది. ఆ బదులుగొంతులో ఈ బొంగురు ఉండి ఉండదు. ఏం చెప్పానో ఇక్కడ రాయను. ఈ పుస్తకంలో చూసిందీ విన్నదీ రాయాలి. అన్నది రాయాలని ఎక్కడా లేదు.

చెప్పటం అయ్యాక వాడు ఏమీ అనలేదు. సరే అనలేదు. వద్దు అనలేదు. పచ్చ గుర్తు రాలేదు. లైను తెగలేదు. అటువైపు గాలిమర రెక్క తిరుగుతున్న చప్పుడు, కింద నీళ్ల చప్పుడు, మధ్యమధ్య మా తమ్ముడు ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

ఆరున్నర దాకా విన్నాను.